కాంతి లేని ఛాయాచిత్రం

ఫొటోగ్రఫీని మనవారు ఛాయాచిత్రకళ అన్నారు. ఔచిత్యం ఎరిగిన మాట అది. సంస్కృతంలో ‘ఛాయ’ అంటే నీడ. ‘ఛాయ’ అంటే కాంతి కూడా. సూర్యుని తేజస్సును భరింపలేక సంజ్ఞాదేవి తన నీడనే ఒక స్త్రీగా మలచి భర్త చెంత నిలిపి వెళ్ళిందని, ఆమెయే ఛాయాదేవి అని పురాణగాథ. ఛాయాచిత్ర ఫలకం చేసే పని కూడా ఇటువంటిదే. వెలుగు సోకిన చోట అది నల్లబడుతుంది. సోకనిచోట స్వచ్ఛంగా మిగులుతుంది. తేజస్సు అక్కడ నీడ రూపంలో నిలిచిపోతుంది. అయితే ఒకానొక దినాన, పారిస్ నగరంలో, వెలుగు అన్నది సోకకుండానే ఒక ఫలకం నల్లబడింది. ఆ నలుపును చూచి ఆశ్చర్యపోయినవాడు ఆంత్వాన్ హెన్రీ బెకెరెల్.

బెకెరెల్ 1852 డిసెంబరు 15న పారిస్‌లో జన్మించాడు. ఆయన పుట్టిన ఇల్లు అక్కడి ప్రకృతిచరిత్ర మ్యూజియం ఆవరణలోనిది. ఆ మ్యూజియంలో భౌతికశాస్త్ర ఆచార్యపీఠాన్ని 1838లో ఏర్పరచినప్పుడు తొలి ఆచార్యుడు ఆయన తాతగారైన ఆంత్వాన్ సెజార్ బెకెరెల్. ఆయన తరువాత తండ్రి ఎడ్మండ్, తండ్రి తరువాత హెన్రీ, హెన్రీ తరువాత ఆయన కుమారుడు జాన్, ఇలా నాలుగు తరాలవారు ఒకే పీఠాన్ని అధిష్ఠించారు. మన దేశంలో సంగీత విద్వాంసుల ఇళ్ళలో విద్య తండ్రి నుండి కొడుక్కు సంక్రమించినట్లు ఆ ఇంట భౌతికశాస్త్రం సంక్రమించింది. ప్రయోగశాల నడవాలో పరుగులు తీస్తూ పెరిగే బాలునికి స్ఫటికాలు, అయస్కాంతాలు ఆటవస్తువులంత పరిచితాలు కావడంలో వింత లేదు.

తండ్రి ఎడ్మండ్ బెకెరెల్‌ను గురించి ఇక్కడ కొంత చెప్పక తప్పదు. కాంతి సోకినప్పుడు కొన్ని పదార్థాలలో విద్యుత్తు పుడుతుందని 1839లో, తన పందొమ్మిదో ఏట, కనుగొన్నవాడు ఆయనే. నేటి సౌర ఫలకాలకు మూలం ఆ పరిశీలన. 1848లో ఆయన వెండి పలకపై సూర్యకాంతి వర్ణమాలను రంగులతో సహా చిత్రింపగలిగాడు. కాని ఆ రంగులను స్థిరపరచే ఉపాయం చిక్కలేదు. వెలుగులో పెడితే చెరిగిపోయే చిత్రం అది. ఎడ్మండ్‌కు అన్నిటికంటె ప్రియమైన విషయం ఫాస్ఫారెసెన్స్. కొన్ని పదార్థాలు ఎండను గ్రోలి, చీకటిలోకి తెచ్చిన తరువాత కూడ కొంతసేపు మిలమిలలాడుతూ ఉంటాయి. దానినే స్ఫురదీప్తి అంటారు. ఆ మెరుపు ఎంత కాలం నిలుస్తుందో కొలిచే సాధనాన్ని ఆయన నిర్మించాడు. యురేనియం లవణాలు ఈ గుణంలో ప్రత్యేకమైనవని గుర్తించాడు. ఆ లవణాల స్ఫటికాలను కుమారుడు హెన్రీ కూడ భద్రంగా దాచుకొన్నాడు.

హెన్రీ బెకెరెల్ 1872లో ఎకోల్ పాలిటెక్నిక్‌లో చేరి, తరువాత రహదారులు, వంతెనల నిర్మాణాన్ని బోధించే ప్రభుత్వ విద్యాలయంలో ఇంజనీరింగు పూర్తిచేశాడు. భౌతికశాస్త్ర ఆచార్యుడైన జామిన్ కుమార్తె లూసీని వివాహమాడాడు. 1878 ఆయన జీవితంలో కఠినమైన సంవత్సరం. జనవరిలో తాతగారు కాలధర్మం చెందారు. ఫిబ్రవరిలో కుమారుడు జాన్ జన్మించాడు. కొద్ది వారాలకే లూసీ మరణించింది. అదే సంవత్సరం హెన్రీ మ్యూజియంలో తండ్రికి సహాయకుడుగా చేరాడు. ఇరవై అయిదేళ్ళ వయస్సులో భార్యను పోగొట్టుకొని, చంటిబిడ్డతో మిగిలిన ఆ యువకుడు పన్నెండేళ్ళ వరకు మరల పెళ్ళిమాట తలపెట్టలేదు. అయస్కాంత క్షేత్రం కాంతిపై చూపే ప్రభావాన్ని, స్ఫటికాలు కాంతిని గ్రహించే తీరును పరిశీలిస్తూ గడిపాడు. 1888లో డాక్టరేటు, 1889లో ఫ్రెంచి విజ్ఞానశాస్త్ర అకాడమీ సభ్యత్వం లభించాయి. 1890లో లూయిజ్ లోరియోను వివాహమాడాడు. మరుసటి ఏడు తండ్రి మరణించగా 1892లో మ్యూజియం పీఠం ఆయనకు సంక్రమించింది. అప్పటికి నలభై ఏళ్ళవాడు. పేరు ప్రతిష్ఠలు ఉన్నాయి. కాని చరిత్రలో నిలిచే పని మాత్రం ఇంకా చేయలేదు.

ఆ పని ఛాయాచిత్ర ఫలకం ద్వారా జరిగింది గనుక, దాని స్వభావాన్ని కొంత తెలుసుకోవాలి. గాజుపలకపైన గాని, ఫిల్ముపైన గాని పూసే పూత జెలటిన్‌లో కలిపిన సిల్వర్ బ్రోమైడ్ అనే వెండి లవణం. అది కంటికి కనిపించనంత సన్నని స్ఫటికాలుగా ఉంటుంది. కాంతి ప్రవాహంవలె కనిపించినా, తన శక్తిని పొట్లాలు పొట్లాలుగా అందిస్తుంది. ఒక్కొక్క పొట్లం పేరు ఫోటాన్. తగినంత శక్తిగల ఫోటాన్ స్ఫటికాన్ని తాకినప్పుడు అందులో ఒక ఎలక్ట్రాన్ విడివడి, ఒక వెండి అయాన్‌ను వెండి పరమాణువుగా మారుస్తుంది. ఇలా నాలుగైదు పరమాణువులు ఒకచోట గుమిగూడితే చాలు, ఆ స్ఫటికానికి ముద్ర పడినట్లే. ఆ ముద్ర ఏ సూక్ష్మదర్శినికీ అందదు. దానిని గుప్తప్రతిబింబం అంటారు. డెవలపర్ ద్రావణంలో ముంచినప్పుడు ముద్రపడిన స్ఫటికం మొత్తం నల్లని వెండిగా మారుతుంది. నాలుగు పరమాణువుల సంకేతం కోట్లాది పరమాణువుల నలుపుగా పెరుగుతుందన్నమాట. ముద్రపడని స్ఫటికాలు హైపో ద్రావణంలో కరిగి కొట్టుకుపోతాయి.

ఇందులో గమనింపదగిన విశేషాలు రెండున్నాయి. మొదటిది, ఫోటాన్లన్నిటి శక్తి ఒకటి కాదు. ఊదారంగు ఫోటాన్‌కు ఎరుపు ఫోటాన్ కంటె ఇంచుమించు ముప్పావు వంతు శక్తి అధికం. అందుచేతనే రంగుపదార్థాలు కలపని వెండి పూతను నీలి, ఊదా కాంతులు కదిలిస్తాయి; ఎరుపు కదిలించలేదు. పాతకాలపు స్టూడియోలలో చీకటిగదిలో ఎర్రదీపం వెలిగించుకొని పనిచేసుకోవడానికి కారణం ఇదే. ఊదాకు ఆవల కంటికి కనిపించని కిరణాలున్నాయని రిట్టర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1801లో కనిపెట్టింది కూడ, వెండి లవణం ఆ చీకటి భాగంలో మరింత వేగంగా నల్లబడటం చూచియే. అంటే వెండి లవణం మన కన్ను చూడలేనిదానిని కూడ చూడగలదు. రెండవది, కన్ను క్షణక్షణమూ చూచినదానిని వదిలివేస్తుంది; ఫలకం వదలదు. ఎంత మందకొడి కిరణమైనా, గంటలతరబడి పడుతూ ఉంటే ఆ ముద్రలను ఒకదానిపై ఒకటి కూడబెట్టుకొంటుంది. అయితే దీనికొక లోపమూ ఉంది. తనను తాకింది ఏమిటో ఫలకం చెప్పదు. కాంతి సోకినా నల్లబడుతుంది. వేడిమికి, కొన్ని ఆవిరులకు, ఒరిపిడికి కూడ మసకబారుతుంది. సాక్షి నమ్మదగినవాడే, కాని మూగవాడు. బెకెరెల్ కీర్తికీ, ఆయన పొరపాట్లకూ కూడ ఇదే మూలం.

1895 నవంబరులో జర్మనీలో రోంట్‌జెన్ ఎక్స్‌కిరణాలను కనుగొన్నాడు. చేతి ఎముకలను చూపే ఛాయాచిత్రాలు కొద్ది వారాలలోనే ఐరోపా అంతటా వ్యాపించాయి. 1896 జనవరి 20, సోమవారంనాడు పారిస్ అకాడమీ సమావేశంలో గణితవేత్త పాంకరే ఆ చిత్రాల ప్రసక్తి తెచ్చాడు. కిరణాలు గొట్టంలో ఏ భాగం నుండి వెలువడుతున్నాయని బెకెరెల్ ప్రశ్నించాడు. గాజుగోడపై కేథోడ్ కిరణాలు తాకి మిలమిలలాడే మచ్చ నుండి అని సమాధానం వచ్చింది. బెకెరెల్ మనస్సులో వెంటనే ఒక ఊహ అంకురించింది. మిలమిలలాడే చోటు నుండి ఎక్స్‌కిరణాలు వస్తున్నాయంటే, మిలమిలలాడే పదార్థాలన్నీ ఆ కిరణాలను వెలువరిస్తాయేమో? స్ఫురదీప్తి తాత తండ్రుల నాటినుండి తమ ఇంటి విద్య. ఆ ఊహ ఆయనకు కలగడంలో ఆశ్చర్యం లేదు. ఆ ఊహ తప్పు. కాని దానిని అనుసరించి ఆయన నడిచిన దారి సరియైన చోటికే చేర్చింది.

లూమియేర్ సంస్థ తయారుచేసిన జెలటిన్ ఫలకాన్ని ఆయన దళసరి నల్లకాగితాలు రెండింటితో చుట్టాడు. రోజంతా ఎండలో ఉంచినా లోనికి వెలుగు చొరబడనంత మందం. ఆ కాగితంపై పొటాషియం యురేనైల్ సల్ఫేట్ స్ఫటికాలను పేర్చి కొన్ని గంటలపాటు ఎండలో ఉంచాడు. ఫలకాన్ని డెవలప్ చేయగా స్ఫటికాల ఆకృతి నల్లగా తేలింది. నడుమ నాణేన్నో, లోహపు రేకునో ఉంచితే దాని నీడ కూడ పడింది. ఎండవేడికి స్ఫటికాలనుండి ఏదైనా ఆవిరి పుట్టి ఈ పని చేస్తున్నదేమోనన్న అనుమానంతో పల్చని గాజుముక్కను అడ్డుపెట్టి చూచాడు. ఫలితం మారలేదు. ఎండను గ్రోలిన స్ఫటికాలు కాగితాన్ని ఛేదించే కిరణాలను ఇస్తున్నాయని ఫిబ్రవరి 24న అకాడమీకి నివేదించాడు. అంతా ఆయన ఊహించినట్లే ఉంది.

ఆ వారంలో మరికొన్ని ఫలకాలను సిద్ధం చేశాడు. ఒకదానిలో స్ఫటికానికీ కాగితానికీ నడుమ సన్నని రాగిరేకుతో చేసిన శిలువను ఉంచాడు. ఫిబ్రవరి 26, 27 తేదీలలో పారిస్‌లో మబ్బు పట్టింది, సూర్యుడు దోబూచులాడాడు. ఎండ లేనిదే ప్రయోగం సాగదు గనుక ఫలకాలను, వాటిపై ఉన్న స్ఫటికాలను అలాగే తీసి చీకటి సొరుగులో పెట్టాడు. తరువాతి రోజులలో కూడ ఎండ రాలేదు. మార్చి 1 ఆదివారంనాడు ఆ ఫలకాలను తీసి డెవలప్ చేశాడు.

ఎండ తగలని ఫలకాలను ఆయన ఎందుకు డెవలప్ చేశాడన్నది చరిత్రకారులు నేటికీ చర్చించే ప్రశ్న. మరునాడు అకాడమీ సమావేశం. చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి. పాత ఫలకాలను మరల వాడటం మంచిది కాదన్న జాగ్రత్త కూడ కావచ్చు. ఎక్కువమంది దీనిని కేవలం అదృష్టం అంటారు. నాకు మాత్రం ఆ మాట సమంజసంగా తోచదు. మబ్బు పట్టడం అదృష్టమే. కాని ఏమీ ఉండదనుకొన్నచోట కూడ చూచి తీరాలన్న అలవాటు మూడు తరాల ప్రయోగశాలలో అబ్బినది. లేత మరక మాత్రమే ఉంటుందని ఆయన ఎదురుచూచాడు. కనిపించినది గాఢమైన నలుపు. రాగి శిలువ నీడ స్పష్టంగా నిలిచి ఉంది.

ఎండ అక్కరలేదు. చీకటి సొరుగులోనే స్ఫటికాలు పని చేశాయి. మార్చి 2న ఆయన ఈ సంగతి అకాడమీకి విన్నవించాడు. అటుపిమ్మట స్ఫటికాలను సీసపు పెట్టెలో దాచి నెలలతరబడి చీకటిలో ఉంచి పరీక్షించాడు. కిరణాల తీవ్రత తరిగినట్లు కనిపించలేదు. మిలమిలలాడని యురేనియం సమ్మేళనాలు కూడ ఫలకాన్ని నల్లబరచాయి. మే నెలలో మ్వాసాన్ అనే రసాయనవేత్త తయారుచేసిన శుద్ధ యురేనియం లోహాన్ని ఉంచగా నలుపు మరీ చిక్కగా వచ్చింది. దీనితో ఈ గుణం మెరుపుది కాదు, యురేనియం అనే మూలకానిదే అని తేలిపోయింది. బయటినుండి ఏ శక్తినీ గ్రహింపని ఒక లోహం నిరంతరం శక్తిని వెదజల్లుతున్నది! ఆ శక్తి ఎక్కడినుండి వస్తున్నదో ఆనాటి భౌతికశాస్త్రం చెప్పలేకపోయింది. అది పరమాణు కేంద్రకంలోనిదని తెలియడానికి మరికొన్ని ఏళ్ళు పట్టింది. యురేనియంలో సగభాగం క్షయం కావడానికి సుమారు 450 కోట్ల సంవత్సరాలు కావాలి. అటువంటి దాని తరుగుదల ఒక మనిషి సొరుగులో, ఒక మనిషి జీవితకాలంలో కనిపించేది కాదు.

బెకెరెల్ ఇక్కడ ఒక పెద్ద పొరపాటు చేశాడు. తన కిరణాలు అద్దంమీది వెలుగువలె పరావర్తనం చెందుతున్నాయని, వక్రీభవనం కూడ చెందుతున్నాయని ఫలకాలు చూచి నిర్ధారించాడు. కనుక ఇవి కంటికి కనిపించని ఒకరకం కాంతియేనని నమ్మాడు. అది నిజం కాదని 1899లో రూథర్‌ఫర్డ్ ప్రయోగాలు నిరూపించాయి. మూగసాక్షి చేసిన సైగలను తన మనస్సుకు నచ్చినట్లు చదువుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. 1897 నాటికి ఈ విషయంలో ఇక కొత్తగా తెలిసేదేమీ లేదనుకొని ఆయన వేరే పనుల వైపు మళ్ళాడు. ఎముకలను చూపే ఎక్స్‌కిరణాల మోజులో ఉన్న లోకం కూడ యురేనియం కిరణాలను అంతగా పట్టించుకోలేదు.

ఆ విడిచిన దారిని పట్టుకొన్నవారు మేరీ క్యూరీ, పియేర్ క్యూరీ దంపతులు. వారు ఫలకాన్ని నమ్ముకొని కూర్చోలేదు. ఈ కిరణాలు గాలిని విద్యుద్వాహకంగా మారుస్తాయని బెకెరెలే చెప్పి ఉన్నాడు. పియేర్ సోదరులు రూపొందించిన సున్నితమైన సాధనంతో ఆ స్వల్ప విద్యుత్తును మేరీ అంకెలలో కొలిచింది. ఫలకం మరక చూపుతుంది. కొలత పోలికకు వీలిస్తుంది. ఒక యురేనియం ఖనిజం యురేనియం కంటె కూడ తీవ్రంగా ఉందని అంకెలు చెప్పాయి. ఆ జాడ వెంట వెళ్ళి వారు 1898లో పొలోనియం, రేడియం మూలకాలను కనుగొన్నారు. రేడియోధార్మికత అన్న అర్థమిచ్చే పేరును కూడ వారే పెట్టారు.

బెకెరెల్ మరల ఈ రంగంలోకి వచ్చాడు. తాను వదిలిన విషయాన్ని ఇతరులు వృద్ధిచేశారన్న అసూయ ఆయన పరిశోధనలలో కనిపించదు. క్యూరీలు ఇచ్చిన రేడియంతోనే పనిచేశాడు. ఆ కిరణాలలో ఒక భాగం అయస్కాంతానికి వంగుతుందని నిర్ధారించి, 1900లో అవి వేగంగా పోయే ఎలక్ట్రాన్లేనని కొలతలతో చూపించాడు. ఈసారి కూడ సాక్షి ఛాయాచిత్ర ఫలకమే. బీటా కిరణాలని మనం నేడు అంటున్నవి ఇవే. 1896లో నల్లకాగితాన్ని దాటి వచ్చి సొరుగులోని ఫలకాన్ని నల్లబరచినవి ప్రధానంగా ఇవే. అంటే ఆయన మొదట అనుకొన్నట్లు అది కాంతి కాదు. తన పాత భావాన్ని సవరించుకొనే భాగ్యం ఆయనకే దక్కింది.

1901లో ఒక రేడియం గొట్టాన్ని కోటు లోపలి చొక్కా జేబులో పెట్టుకొని కొన్ని గంటలు తిరిగాడు. అప్పుడేమీ తెలియలేదు. కొద్ది రోజులు గడిచాక ఆ గొట్టం ఆకారంలోనే చర్మం కందిపోయి పుండయింది. మానడానికి వారాలు పట్టింది. ఒంటిపై పడిన ఈ ముద్రను కూడ శాస్త్రవేత్తగానే పరిశీలించి, పియేర్ క్యూరీతో కలిసి ప్రకటించాడు. రేడియంతో వ్యాధులను నయం చేయవచ్చునన్న ఆలోచనకు ఇటువంటి పరిశీలనలే దారితీశాయి. కీడు కూడ వాటితోనే మొదలైంది.

కీర్తి విషయంలో న్యాయంగా చెప్పవలసిన మాట ఒకటున్నది. 1857 ప్రాంతంలోనే నియెప్స్ ద సేంట్ విక్టర్ అనే ఫ్రెంచి సైనికాధికారి, యురేనియం లవణం పూసిన కాగితం చీకటిలో కూడ చాలాకాలం ఛాయాచిత్ర పత్రాలపై ముద్ర వేస్తున్నదని ప్రకటించాడు. ఫొటోగ్రఫీ పితామహుడైన నీసెఫోర్ నియెప్స్‌కు ఆయన బంధువు. ఆ సంగతిని హెన్రీ తండ్రి ఎడ్మండ్ తన గ్రంథంలో పేర్కొన్నాడు కూడ. కాని నియెప్స్ దానిని ఎండ నుండి దాచుకొన్న కాంతిగానే భావించాడు. లండన్‌లో సిల్వానస్ థాంప్సన్ అనే ఆచార్యుడు 1896 ఫిబ్రవరిలోనే బెకెరెల్ చూచినదానినే స్వతంత్రంగా చూచాడు. పత్రం ప్రకటించడంలో కొద్ది రోజులు వెనుకబడ్డాడు. వారి పేర్లు మరుగునపడ్డాయి. మూలకాన్ని గుర్తించేవరకు వెళ్ళినవాడు బెకెరెల్ కనుక 1903లో నోబెల్ బహుమతిలో సగం ఆయనకు, మిగిలిన సగం క్యూరీ దంపతులకు లభించింది.

1908 జూన్‌లో అకాడమీ శాశ్వత కార్యదర్శిగా ఎన్నికైన బెకెరెల్, రెండు నెలలు తిరగకుండానే ఆగస్టు 25న బ్రిటనీ సముద్రతీరంలోని క్రువాసిక్‌లో కన్నుమూశాడు. వయస్సు 55. ఒక సెకనులో ఒక కేంద్రకం విచ్ఛిన్నమైతే ఆ రేడియోధార్మికతను ఒక బెకెరెల్ అనాలని 1975లో అంతర్జాతీయంగా నిర్ణయించారు. కడప ప్రాంతంలోని తుమ్మలపల్లె ఖనిజం గురించి మాట్లాడినా, హైదరాబాదులో 1971లో నెలకొల్పిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లోని ఇంధనం గురించి మాట్లాడినా ఈ ప్రమాణమే ప్రస్తావనకు వస్తుంది. రేడియో కిరణాల నడుమ పనిచేసేవారు వక్షంపై ధరించే ఫిల్ము బిళ్ళలు కూడ ఎంతోకాలం ఆ సొరుగులోని ఫలకం చేసిన పనినే చేశాయి. వాటిలోని ఫిల్ము ఎంత నల్లబడిందో చూచి, వారి శరీరానికి సోకిన కిరణాల మోతాదును లెక్కకట్టేవారు.

ఆనాటి ఫలకాలలో ఒకటి నేటికీ పదిలంగా ఉంది. దానిపై మసకగా విస్తరించిన రెండు నల్లని మచ్చలు, వాటిలో ఒకదాని నడుమ లేతగా రాగి శిలువ నీడ. పైభాగాన బెకెరెల్ తన చేతిరాతతో వివరాలు వ్రాసుకొన్నాడు. ఏ లవణమో, ఎటువంటి కాగితమో, 26న మబ్బు వెలుతురులోను 27న ఎండలోను ఉంచిన సంగతి, మార్చి 1న డెవలప్ చేసిన సంగతి ఆ రెండు మూడు పంక్తులలో ఉన్నాయి.